పాత అంగడి నుదుట ఏ సంవత్సరం రాయాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో, షరాఫ్ బజారుకు కూతవేటు దూరంలో, మా ఉమ్మడి కుటుంబానికి ఒక పాత అంగడి భవనం ఉంది. కింద రోడ్డు వైపు రెండు అంగళ్లు, వాటి వెనుక సరుకు గది, పైన ఒక అంతస్తు ఉన్నాయి. ఉగాదికి ముందే రంగులు వేయించి, ముఖభాగంలో కట్టిన సంవత్సరం రాయించాలని అన్నదమ్ములందరం అనుకున్నాము. ఏ సంవత్సరం అనే దగ్గర తగువు మొదలైంది. ఇది నవాబుల కాలపుదని, పునాదిలో కోట రాళ్లు ఉన్నాయని, 1838 అని రాయాల్సిందేనని మా పెద్దనాయన పట్టుబట్టి కూర్చున్నారు. పిట్టగోడ మీద గారతో ‘రౌద్రి నామ సం॥ మాఘ శు॥’ అని ఉంది, ఆ తర్వాతి తిథి, వారం రాలిపోయాయి. దాన్ని బట్టి మా చిన్నాయన కొడుకు 1860 అని లెక్క కట్టాడు. మా తాత గారి తండ్రి పేర ఉన్న కొనుగోలు దస్తావేజులో 1329 అనే అంకె కనిపిస్తోంది. మునిసిపల్ రికార్డులో చూస్తే 1954 అని ఉంది. 2009 వరదలో కింది అంగళ్లు పూర్తిగా నీట మునిగి, మిగిలిన కాగితాలన్నీ పోయాయి. ఫోటోలు జతచేశాను. ఇందులో ఏది నమ్మమంటారు? రంగులు వేసేటప్పుడు పాత గారను గీకించవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ ఇంట్లో తగువు పడుతున్న నాలుగు సంవత్సరాల్లో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. అయితే కింది అంగళ్లు కట్టిన సంవత్సరం కూడా ఆ నాలుగింటిలో లేదు. మీరు పంపిన ఫోటోలన్నీ చూశాక నాకు తోచినది ఇది: కింది భాగం 1921 ఫిబ్రవరిలో పూర్తయింది, పై అంతస్తు 1953 తర్వాత లేచింది. ఎందుకు అలా అంటున్నానో కాస్త వివరంగా చెప్పకపోతే మీ పెద్దనాయన గారు ఒప్పుకోరు కనుక, ఒక్కొక్క ఆధారాన్నే తీసుకుందాం.

ముందుగా పిట్టగోడ మీది అక్షరాలు. మన సంవత్సరాల పేర్లు అరవై, ఆ అరవై అయిపోగానే మళ్లీ ప్రభవ నుంచి మొదలవుతాయి కాబట్టి, ఒక్క పేరు చూసి శతాబ్దం చెప్పడం ఎవరి వల్లా కాదు. రౌద్రి 1860లో వచ్చింది, 1920లో వచ్చింది, 1980లో వచ్చింది, మళ్లీ 2040లో వస్తుంది. మీ తమ్ముడి లెక్క తప్పు కాదు, అరవై ఏళ్లు ముందుకు జరగాల్సిన చోట జరగలేదు, అంతే. 1980ని మనం వదిలేయవచ్చు, ఎందుకంటే ఆనాటికి మీ పెద్దనాయన గారే ఆ అంగట్లో కూర్చుని ఉంటారు. మిగిలినవి 1860, 1920. తిథి పక్కన వారం కూడా మిగిలి ఉంటే ఏ పాత పంచాంగంతోనైనా పోల్చి ఒక్క పూటలో తేల్చేయవచ్చు, కానీ సరిగ్గా అక్కడే గార పెచ్చు ఊడింది. ఇంకొక చిన్న సంగతి. రౌద్రి అనగానే 1920 అని రాసేయడం మామూలు పొరపాటు. ఉగాదితో మొదలయ్యే ఏడాదిలో మాఘం పదకొండో నెల కాబట్టి, ఆ రౌద్రిలోని మాఘ శుద్ధం 1921 ఫిబ్రవరిలో పడుతుంది. పాత చక్రమైతే 1861 ఫిబ్రవరి అవుతుంది. కనుక 1860 అనే అంకె ఎలా చూసినా నిలవదు.

ఈ రెంటిలో ఏదో తేల్చేది మీ దస్తావేజే. అందులోని 1329ని చూసి మీ ఇంట్లో ఎవరూ ఈ అంగడి పద్నాలుగో శతాబ్దానిదని అననందుకు సంతోషం. అలా అన్నవారిని నేను చూశాను. ఫోటోను పెద్దది చేసి చూస్తే ఆ అంకెకు ముందు ‘ఫ॥’ అనే అక్షరం, నీటి మరక కింద సగం చెదిరి, కనిపిస్తోంది. అది ఫసలీ సంవత్సరం. మద్రాసు రాజధానిలో రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి, జులై 1న ఏడాది మారేది, ఆ అంకెకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అంటే ఫసలీ 1329 అన్నది 1919 జులై నుంచి 1920 జూన్ వరకు. హిజ్రీ అనుకుంటే 1911 అవుతుంది. నవాబుల కాలంలోని ఫారసీ, ఉర్దూ కాగితాలకు హిజ్రీ తేదీలు ఉంటాయి కాబట్టి కర్నూలులో ఈ అనుమానం సహజమే, కానీ ‘ఫ॥’ ఉన్నప్పుడు దానికి తావు లేదు. స్టాంపు కాగితం మీద ఉన్న బొమ్మ ఐదో జార్జిది, ఆయన 1910 నుంచి 1936 వరకు రాజు. అంటే బొమ్మ కూడా దీనికి అడ్డు చెప్పడం లేదు.

ఆ దస్తావేజులో అంకె కన్నా విలువైన మాట మరొకటి ఉంది, అది మీ కంట పడినట్లు లేదు. అమ్మిన ఆస్తిని వర్ణించే చోట, నాలుగు దిక్కుల చెక్కుబందీ చెప్పి, ‘ఇందు మధ్యనుండే ఖాళీ నివేశన స్థలమున్ను, అందులోని పూరికొట్టమున్ను’ అని రాసి ఉంది. ఆ తర్వాత ఎప్పటిలాగే నిధి నిక్షేప జల తరు పాషాణాలన్నీ ధారపోశారు. పాత దస్తావేజు రాసేవాళ్లు మాటల్లో దుబారా చేసినట్లు కనిపిస్తారు కానీ, ఆస్తి మీద ఏముందో చెప్పే చోట చాలా జాగ్రత్తగా ఉండేవారు. మట్టిమిద్దె ఉంటే మట్టిమిద్దె అని, రాతి మిద్దె ఉంటే రాతి మిద్దె అని, ఎన్ని అంకణాలో కూడా చెప్పి రాసేవారు, ఎందుకంటే ధర దాన్ని బట్టే. రెండు అంగళ్ల గచ్చుమిద్దెను పూరికొట్టమని రాసి అమ్మేవాడు, రాయించి కొనేవాడు ఎవరూ ఉండరు. కాబట్టి 1919–20లో మీ వాళ్లు కొన్నది కొట్టం ఉన్న స్థలం, ఆ మరుసటి ఏటి మాఘంలో పిట్టగోడ మీద గార అక్షరాలు పడ్డాయి. కొని రెండేళ్లు తిరిగేలోపు కట్టారన్న మాట, అంగడి పెట్టాలన్న తొందర ఉన్నవారు చేసే పనే అది.

భవనం కూడా ఈ మాటే చెబుతోందా అన్నది చూడాలి, ఎందుకంటే కాగితం ఒక స్థలానిది, గోడ మరొక స్థలానిది అయిన సందర్భాలు పాత బజారుల్లో తక్కువేమీ కాదు. మీ మూడో ఫోటోలో అంగడి ముఖం మీద అడ్డంగా ఉన్న ఇనుప దూలం కనిపిస్తోంది. దాని పక్క మీద పొంగి ఉన్న అక్షరాలను రంగు పొరల కింద నుంచి కష్టపడి చదివితే ‘డోర్మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లండ్’ అని తెలుస్తోంది. ఆ కంపెనీ పుట్టిందే 1870ల్లో. అటువంటి దూలం 1861లో కర్నూలు బజారులో ఉండే అవకాశం లేదు. మన దేశంలో టాటా వారి కర్మాగారంలో ఉక్కు తయారీ 1912లో మొదలైనా, ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ఇంగ్లండు దూలాలు మద్రాసు రేవులో దిగి రైలెక్కి మన ఊళ్లకు వస్తూనే ఉన్నాయి కాబట్టి 1921 నాటి భవనంలో ఇది ఉండటంలో వింతేమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: పాత గోడను పగలగొట్టి తర్వాత దూలం దూర్చి ఉండవచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. అలా దూర్చి ఉంటే దూలం కొనల దగ్గర ఇటుక వరుసలు తెగి, చిన్న ముక్కలతో, వేరే రంగు సున్నంతో పూడ్చినట్లు ఉండాలి. మీ ఫోటోలో కుడి కొన దగ్గర గార ఊడిన చోట వరుసలు తెగకుండా సాగిపోయాయి, దూలం కూర్చున్న రాతి దిమ్మె కూడా గోడతో పాటే పేర్చినది. ఎడమ కొనను కూడా ఒకసారి చూసుకోండి.

ఇక పలకల తలుపులు. ఈ కాలపు పిల్లలకు షట్టరు తప్ప తెలియదు కాబట్టి చెబుతున్నాను: గడప బండలో ఒక గాడి, పైన దూలం కింది చట్రంలో ఒక గాడి, వాటి మధ్య నిలువు పలకలు ఒక్కొక్కటే జరిపి పెట్టి, చివరి పలకకు అడ్డగడియ వేసి తాళం పెట్టేవారు. పొద్దున వాటిని ఊడదీసి పక్కన ఆనించడం అంగటి కుర్రవాడి మొదటి పని. ఏ పలక ఎక్కడిదో తప్పకుండా ప్రతి దాని మీద అంకె చెక్కేవారు. మీ ఎడమ వైపు అంగడిలోని 11 పలకల మీద ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు ఉలితో చెక్కి ఉన్నాయి. ఏడో పలక మీద మాత్రం 7 అని ఇంగ్లీషు అంకె, అదీ రంగుతో రాసి ఉంది. ఆ పలక చిత్రికపు గీతలు కూడా మిగిలిన వాటికి భిన్నంగా, యంత్రం మీద తీసినట్లు సమంగా ఉన్నాయి. అంటే ఎప్పుడో ఏడో పలక పోతే కొత్తది చేయించారు. ఇది భవనం వయసు చెప్పే ఆధారం కాదు, అయినా ఆ పలకల్ని పొరపాటున కూడా అమ్మవద్దని చెప్పడానికి రాస్తున్నాను. పాత టేకు కొనేవాళ్లు ముందుగా అడిగేది వాటినే. వసారా మీది పెంకుల విషయం రెండు మాటల్లో ముగించవచ్చు. వాటి మీద కామన్‌వెల్త్ అని అచ్చు ఉంది; మంగళూరు వైపు బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారి పెంకుల కార్ఖానాలు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1919లో, కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే కంపెనీ చేతికి వచ్చాయి. మన లెక్కకు సరిపోతోంది, కానీ పెంకులు కోతులు తొక్కినా మారేవి కాబట్టి వాటి సాక్ష్యానికి నేను పెద్దగా బరువు ఇవ్వను.

మీ పెద్దనాయన గారి దగ్గరికి వస్తాను. కర్నూలు పాతబస్తీలో ఏ పాత గోడను చూపించినా నవాబుల కాలపుదే అంటారు, అందులో అభిమానమే తప్ప తప్పేమీ లేదు. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వారు 1839లో పదవి నుంచి తొలగించి, తిరుచిరాపల్లికి పంపి, సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్నారు. ‘నవాబుల కాలం’ అనాలంటే 1839కి ముందే కావాలి కనుక మీ వాళ్లెవరో ఒక ఏడాది వెనక్కి వేసి 1838 అని ఖాయం చేసి ఉంటారని నా ఊహ. అయితే ఆయన చూపించే పునాది రాళ్ల విషయంలో ఆయన మాటకు బలం ఉంది. ఫోటోలో గడప కింది మూడో రాయిని చూడండి. సగం విచ్చుకున్న తామర పువ్వు ఒకటి దాని మీద పక్కకు పడుకుని ఉంది. పువ్వును పక్కకు తిప్పి ఏ శిల్పీ చెక్కడు. ఆ రాయి మరెక్కడో నిటారుగా నిలబడి ఉండి, తర్వాత ఇక్కడికి వచ్చి అడ్డంగా పడుకుంది. దాని పక్క రాయిలో దోనె లాంటి గుంట ఉంది, తలుపు కుదురు తిరగడానికి తొలిచినది అది. పునాదిలో దానికి పనే లేదు. కర్నూలు కోట గోడలను 1860ల్లో చాలా మేరకు కూలగొట్టారు. ఈనాడు మనం చూస్తున్న కొండారెడ్డి బురుజు వంటివి అందులో మిగిలినవే. అంత పెద్ద కోట రాయి గాలిలో కలిసిపోదు గదా. అరుగులుగా, పునాదులుగా, బావి ఒరలుగా ఊళ్లోకే వచ్చి ఉంటుంది. మీ రాళ్లు కోటవేనని చెప్పే కాగితం లేదు, కానీ చెక్కిన రాయిని మళ్లీ వాడారన్నది మాత్రం కంటికి కనిపిస్తున్న నిజం. ఆ రాళ్లు నవాబుల కంటే కూడా పాతవి కావచ్చు. రాయి వయసును గోడకు అంటగట్టకూడదన్న ఒక్క విషయంలోనే ఆయనతో నాకు పేచీ.

1954 సంగతి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే అది ఊరి చరిత్రలో పెద్ద మలుపు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయింది. ఒక జిల్లా కేంద్రం రాత్రికి రాత్రి రాజధాని అయితే కార్యాలయాలకు గదులు ఎక్కడ ఉంటాయి? డేరాలు వేసి కచేరీలు నడిపారు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు అద్దెకు దొరికిన ప్రతి గదిలోనూ దిగారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయేదాకా, ఆ మూడేళ్లూ ఊళ్లో గదికి ఉన్న గిరాకీ అంతకు ముందు లేదు. మీ పై అంతస్తు ఫోటోలు చూస్తే అది కింది భాగానికి పుట్టిన బిడ్డలా లేదు. కింద టేకు దంతెల మీద ఇటుకను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి సున్నపు జల్లీ కొట్టిన మద్రాసు మిద్దె ఉంది. పైన సిమెంటు స్లాబు, ఎర్ర గచ్చు, సిమెంటు జాలీలు ఉన్నాయి. కింద గోడ మందం రెండు అడుగులకు దగ్గరగా ఉంటే పైన అందులో సగం కూడా లేదు. మెట్లు కూడా అంగడి లోపలి నుంచి కాక పక్క సందులో నుంచి ఎక్కుతున్నాయి, అంటే పైన ఉండేవారు వేరు, కింద వ్యాపారం చేసేవారు వేరు. ఆ రాజధాని రోజుల్లో అద్దెకు ఇవ్వడానికే ఈ అంతస్తు లేపారని నేను అనుకుంటున్నాను. కొత్త అంతస్తుకు పన్ను వేయడానికి వచ్చిన మునిసిపల్ గుమాస్తా మొత్తం భవనానికి ఆ ఏడాదే రాసుకుని పోయి ఉంటాడు. పన్ను రికార్డు పన్ను కోసం పుట్టింది, చరిత్ర కోసం కాదు. 1954ను భవనం పుట్టిన ఏడాదిగా తీసుకోకపోయినా, పై అంతస్తు విషయంలో దాన్ని కాదనడానికి నాకు కారణం కనిపించలేదు.

అయితే పిట్టగోడ మీది రౌద్రి అక్షరాలు పై అంతస్తు మీద కదా ఉన్నాయి, అది 1954లో కట్టినదైతే అవి అక్కడికి ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. మొదట నేనూ అక్కడే ఆగాను. ఫోటోలో జాగ్రత్తగా చూస్తే ఆ పిట్టగోడ పై అంతస్తుది కాదు. వీధి వైపు రెండు అంగళ్ల మీద ముందుకు వచ్చిన భాగానిది, పై గదులు దాని వెనుక ఆరేడు అడుగులు వెనక్కి తగ్గి ఉన్నాయి. పాత పిట్టగోడను అలాగే ఉంచి, దాని వెనుక కొత్త గోడ లేపారు. ఆనాటి మేస్త్రీకి గానీ, మీ తాత గారికి గానీ ఆ అక్షరాలను కూలగొట్టడానికి చేయి రాలేదన్న మాట.

ఇప్పుడు రంగుల సంగతి. గార గీకించవద్దు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి పాతబస్తీని ముంచినప్పుడు మీ కింది అంగళ్లు పూర్తిగా నీట మునిగాయని రాశారు. ఆ తర్వాత లోపలి గోడలకు ఛాతీ ఎత్తు వరకు సిమెంటు పూత వేయించినట్లు ఫోటోల్లో కనిపిస్తోంది, దాని పైన ఉప్పు పొంగి రంగు పొరలు పొరలుగా రాలుతోంది కూడా. సున్నంతో కట్టిన గోడ తాగిన తేమను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, తేమ లోపలే ఉండి, ఉప్పును మోసుకుంటూ పూత లేని చోటికి పాకుతుంది. మీరు ప్రతి రెండేళ్లకూ రంగు వేయిస్తున్నా నిలవకపోవడానికి కారణం అదే. వీలుంటే ఈ సిమెంటు పూతను కొద్దికొద్దిగా తీయించి, గోడను ఒక వేసవి అంతా ఆరనిచ్చి, సున్నపు గారే మళ్లీ వేయించండి. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కానీ పాత గుళ్ల మరమ్మతులు చేసే వారిని అడిగితే దొరుకుతారు. ముఖభాగానికి ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, సున్నం వెల్ల చాలు.

పిట్టగోడ అక్షరాల మీద ఏ పని చేయించినా ముందుగా ఒక నకలు తీసి పెట్టుకోండి. పొద్దు వాలే వేళ వెలుతురు గోడకు పక్కగా పడేటప్పుడు ఫోటోలు తీస్తే, ఎదురుగా తీసినప్పుడు కనిపించని గీతలు నీడతో సహా బయటపడతాయి. రాత్రి పూట గోడకు ఆనించి టార్చి వేసినా అంతే. మెత్తని బ్రష్షుతో దుమ్ము తుడిచి, పలుచటి కాగితం పరిచి, బొగ్గుతో మెల్లగా రుద్దండి. ‘శు॥’ తర్వాత ఊడిన పెచ్చు కింద కూడా ఒక అంకె తొలి మొన మిగిలి ఉన్నట్లు నాకు అనుమానం. అది ౫ అయితే మాఘ శుద్ధ పంచమి అవుతుంది, అంగడి మొదలుపెట్టడానికి ఎంచుకోదగిన రోజే. అనుమానాన్ని మాత్రం బోర్డు మీద రాయకండి.

రాయవలసినది అడిగారు కాబట్టి చెబుతున్నాను. పాత పిట్టగోడ మీద కొత్తగా ఏమీ రాయవద్దు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్లే వదిలి, కింద దూలానికి పైన ఉన్న ఖాళీలో ‘రౌద్రి మాఘం, 1921’ అని, పక్క సందులో మెట్ల దగ్గర ‘పై అంతస్తు, 1954’ అని రాయించండి. మీ పెద్దనాయన గారికి తామర పువ్వు రాయిని శుభ్రం చేయించి, దాని ముందు పెట్టే చెప్పుల స్టాండును అక్కడి నుంచి తీయించండి.

ప్రశ్న: మా ఊళ్లో పాత బజారు భవనాల చరిత్ర రాయాలని ఉంది. యజమానులు దస్తావేజులు చూపించడానికి ఇష్టపడటం లేదు. వాళ్ల అనుమతి లేకుండా పాత రిజిస్ట్రేషన్ వివరాలు చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: చూడవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులను ఎక్కించే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను, తగిన రుసుము కట్టి ఎవరైనా పరిశీలించవచ్చు, నకలు కూడా తీసుకోవచ్చు. వీలునామాలు ఎక్కించే 3వ పుస్తకం, ఇతర దస్తావేజుల 4వ పుస్తకం మాత్రం అందరికీ తెరవరు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. ఆస్తి నంబరు తెలియకపోతే పేరుతో వెతకవచ్చు: ఒక సూచిక మనుషుల పేర్ల మీద, మరొకటి ఆస్తుల మీద ఉంటుంది. మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అనంతపురం 1882లో విడి జిల్లా అయింది, అంతకు ముందు బళ్లారి జిల్లాలో భాగం. కాబట్టి అంతకన్నా పాత కాగితం మీద బళ్లారి జిల్లా అని ఉంటే అది వేరే ఊరి ఆస్తి అనుకుని పక్కన పెట్టకండి. అలాగే, ఒక భవనం యజమాని కాగితం చూపించకపోయినా నిరాశ పడనక్కర లేదు: పక్క అంగడి వారి దస్తావేజులో చెక్కుబందీ చదివితే, ‘తూర్పు: ఫలానా వారి రాతి మిద్దె’ అని మీకు కావలసిన భవనం అక్కడ కనిపిస్తుంది. నాకు ఇలా దొరికిన సమాచారమే ఎక్కువ. ఇక యజమానులు ఎందుకు దాస్తున్నారన్నది కూడా ఆలోచించండి. అద్దెదారుతో వ్యాజ్యమో, అన్నదమ్ముల భాగాల గొడవో నడుస్తున్న ఇంట్లో పాత కాగితం అడిగే కొత్త మనిషిని చూస్తే భయం వేస్తుంది. మీరు రాయబోయేది ముందుగా వాళ్లకే చదివి వినిపిస్తానని చెప్పి చూడండి.

ప్రశ్న: మా అంగడి నేలంతా కడప బండలే. అంటే అది వందేళ్లకు పైబడినదే కదా?
– ఒక పాఠకుడు, కడప

సమాధానం: కడపలో కడప బండ నిన్న కట్టిన ఇంట్లోనూ ఉంటుంది, కాబట్టి బండ ఉండటం వల్ల వయసు తేలదు. బండ అంచును చూడండి. చేత్తో ఉలి వేసి కొట్టిన బండకు అంచు వంకరగా, ఉలి గంట్లతో ఉంటుంది, మందం కూడా ఒక మూల నుంచి మరో మూలకు మారుతుంది. రంపం మీద కోసిన బండకు అంచు గీత గీసినట్లు ఉంటుంది. రెండు బండల మధ్య సందులో ఉన్నది తెల్లటి సున్నమా, బూడిద రంగు సిమెంటా అన్నది చూడండి. గల్లా పెట్టె దగ్గర, గడప దగ్గర బండ మధ్యలో పల్లం పడి అద్దంలా నునుపెక్కిందేమో చేత్తో తడిమి చూడండి, ఎందుకంటే కాళ్లు రోజూ ఒకే చోట పడితే తప్ప ఆ పల్లం పడదు. ఇవన్నీ చూశాక, ఒక బండ అంచు, ఒక సందు దగ్గరగా కనిపించేలా ఫోటో తీసి పంపండి.